ఉల్టా మరల బండి

మా అత్తమ్మ లింగమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. మోకాళ్లు పోయి రెండేళ్లయింది. పోయిన ఏడాది ఈస్టర్ ముందటి మట్టల ఆదివారం, ఈత మట్టలు ఊపుతూ సాగే చర్చి ఊరేగింపుకు ఆటో మాట్లాడితే ఎక్కనంది.

"ఆటోల కూసుంటే మట్ట ఎట్ల ఊపుతరు అల్లుడా? పైన తాకుతది. వచ్చే ఏడు నీ బండి ఎనుక కుర్చేసి కూసోపెట్టు. లేకుంటే మళ్ల ఇంట్లనే ఉంట."

సరే అన్నాను. మాటిచ్చినట్టే కదా.

నా బండి 1979 నాటి జీపు పికప్. తార్నాకలో నాకు చిన్న నర్సరీ ఉంది, మొక్కలూ మట్టీ అందులోనే మోస్తాను. అంతకుముందు అది యూనివర్సిటీ క్యాంపస్ తోటల బండి. దాన్ని మొదటినుంచీ నడిపింది ఇన్నయ్య. నేను వేలంలో కొని ఇరవై ఏళ్లు దాటింది, ఆయన రిటైరై పదేళ్లు దాటింది, అయినా అది తన బండే అన్నట్టుంటాడు. పంచరైందంటే చాలు, సీతాఫల్‌మండి నుంచి స్కూటరేసుకుని వచ్చేస్తాడు. నేను స్పానర్ పట్టుకుంటే చేతిలోంచి లాక్కుంటాడు. మీరు నమ్మరు గానీ, ఇన్నేళ్లలో నేను ఒక్క చక్రం కూడా సొంతంగా విప్పలేదు.

ఈ ఏడు టైర్లు నాలుగూ అరిగి పగుళ్లిచ్చాయి. ఆ సైజు ఇప్పుడు ఎక్కడా రావడం లేదు. కొత్త జీపుల ఇనుప రిమ్ములు దీనికి సరిపోతాయనీ, వాటి మీద ట్యూబ్‌లెస్ టైర్లు వేసుకోవచ్చనీ తెలిసింది. ఇన్నయ్య ఒప్పుకోలేదు.

"నా బండికి ఎవల్దో కాలు అతికిస్తవా? టైర్లు నేను దేవులాడ్త, ఆగు."

మూడు నెలలు వెతికాడు. దొరకలేదు. మట్టల ఆదివారం రేపనగా, శనివారం పొద్దున ఆయనకు చెప్పకుండా తార్నాకలో నరహరి టైర్ల షాపుకు బండి తోలాను.

కుడి పక్క రెండు చక్రాలు నట్లు విప్పే గన్ మెషిన్ పెట్టగానే సాఫీగా వచ్చాయి. నరహరి హుషారుగా, "గంట పనే అన్నా, చాయ్ తాగి వచ్చెటాల్లకు అయిపోతది" అన్నాడు. ఎడమ పక్క ముందు చక్రం దగ్గర మెషిన్ మూలిగింది. నట్టు కదల్లేదు.

"జామైందన్నా. తుప్పు."

స్పానర్‌కు పొడుగు పైపు తొడిగాడు. ఇద్దరం కలిసి దాని మీద నిలబడ్డాం. టక్కుమంది. నట్టుతో పాటు బోల్టు విరిగి నేల మీద పడింది. రెండోదాని మీద ఇంకా గట్టిగా తొక్కాం. అదీ విరిగింది.

నరహరి చేతులు తుడుచుకున్నాడు. "ఐదిట్ల మూడు మిగిలినయ్. ఇంకోటి ఇరిగితే బండి ఈడనే ఉంటదన్నా."

ఈ బోల్టు ఎవరి దగ్గరా లేదు, కాచిగూడ దాకా ఫోన్లు చేశాను. ఇంతలో నా భార్య స్వరూప ఫోను. "అమ్మ తెల్లచీర ఇస్త్రీ చేపిచ్చుకుంది. చక్రాలైనయా?"

అయిపోతున్నాయన్నాను. ఫోన్ పెట్టేసి నరహరి స్కూటరడుక్కుని సీతాఫల్‌మండి పోయాను.

ఇన్నయ్య అన్నం తింటున్నాడు. జరిగిందంతా చెప్పాను.

"ఎడమ దిక్కు నట్లు ఎటు తిప్పిండ్రు?"

"ఎటేంది అన్నా, అందరు తిప్పినట్టే."

ముద్ద పళ్లెంలో వదిలేశాడు. "వారీ! ఎడమ దిక్కుయి ఉల్టా మరలురా! పాత బండ్లకు గంతే. చక్రం తిరుగుతుంటే నట్టు వదులు కావద్దని అట్ల చేసిండ్రు. మీరు ఇప్పలే, బిగించిండ్రు. ఇరిగెదాంక బిగించిండ్రు. బోల్టు కొన మీద 'ఎల్' అని రాసుంటది, సదవరాదా?"

"ఇంటర్ ఫెయిలన్నా."

"ఎల్ ఒకటో తరగతిలనే చెప్తరు."

చెయ్యి కడుక్కుని వచ్చాడు. "నాకెందుకు చెప్పలే?"

"వద్దంటవని."

"అంట. అన్నంక నేనే వచ్చి ఏస్త. ఇరవై ఏండ్లల గది తెల్వలేదా నీకు?"

మంచం కింద నుంచి బిస్కెట్ల డబ్బా లాగాడు. నూనె గుడ్డలో ఒక బోల్టు, ఒక నట్టు. ఎప్పుడో పాత సామాన్లమ్మే జుమ్మేరాత్ బజార్‌లో కొని దాచాడట. ఒక్కటే ఉంది.

"నాలుగు బోల్టుల మీద నడుస్తదా?"

"నడుస్తది. నేను నడిపితే. ఫర్లాంగుకొకపారి దిగి నట్లు చూడాలె."

షాపులో ఆయన ముందుగా కొత్త రిమ్ము బోల్టు రంధ్రాల్లోకి వేలు పెట్టి వాలు తడిమి చూశాడు. "నట్టు మంచిగనే కూసుంటది" అన్నాడు, ఎవరినో క్షమించినట్టు. చీకటి పడకముందే నాలుగు చక్రాలూ ఎక్కాయి.

ఆదివారం పొద్దున ఆరున్నర. బండి వెనుక ప్లాస్టిక్ కుర్చీని తాడుతో కట్టి అత్తమ్మను కూర్చోబెట్టాం. పక్కన స్వరూప. స్టీరింగ్ దగ్గర ఇన్నయ్య, ఎడమ చక్రం పక్కన నడుస్తూ నేను. ముందు మైకు పట్టుకుని పాస్టరు ప్రేమ్ కుమార్ గారు, వెనుక మట్టలు పట్టుకున్న జనం. తార్నాక నుంచి క్యాంపస్‌లోకి మళ్లాం. వాకింగ్‌కు వచ్చినవాళ్లు పక్కకు జరిగి దారిచ్చారు.

ఫర్లాంగు పోగానే బండి ఆగింది. ఇన్నయ్య స్పానర్‌తో దిగాడు. పాస్టరు గారు వెనక్కి తిరిగి చూసి, ఎందుకో ఆగారు కదా అని ప్రార్థన మొదలుపెట్టారు. ఇన్నయ్య పని అర నిమిషంలో అయిపోయింది గానీ, ప్రార్థన మధ్యలో బండి తీయడం మర్యాద కాదని తలపాగా తీసి నిలబడ్డాడు. ఆయన అంత భక్తిగా నిలబడ్డాడని పాస్టరు గారు ఇంకాస్త పొడిగించారు.

రెండోసారి ఆగితే పరీక్షలు రాసే పిల్లల కోసం ప్రార్థన. మూడోసారి రోడ్ల మీద తిరిగే డ్రైవర్ల కోసం. నాలుగోసారి ఆయన నా దగ్గరికొచ్చి, "రత్నాకర్, ఇంకెన్నిసార్లయ్యా? నాకు అంశాలైపోతున్నయ్" అన్నారు మెల్లగా.

ఆర్ట్స్ కాలేజీ ముందు మళ్లీ ఆగినప్పుడు ఇన్నయ్యను అడిగాను. "ఎన్ని వదులైనయే?"

"ఒక్కటి గూడ కాలే."

"మరి ఎందుకు ఆపుతున్నవ్?"

అద్దంలోకి చూడమని గడ్డంతో చూపించాడు. "బండి నడుస్తుంటే ఆమె రెండు చేతులతోని కుర్చీ పట్కుంటున్నది. ఆగితేనే మట్ట లేపుతున్నది."

చూశాను. నిజమే. ఆగిన బండిలో అత్తమ్మ ఈత మట్టను తల మీదికెత్తి రెండు చేతులా ఊపుతోంది. పైన తాకడానికి ఏమీ లేదు.

తర్వాతి ఫర్లాంగు దగ్గర నేనే చెయ్యెత్తి బండి ఆపించాను.