తిరిగే బల్ల మీద పండుగొప్ప

మా కడియం వైపు ఒక పద్ధతి ఉంది. రెండు ఇళ్ళవాళ్ళు కొట్టుకుని, కోర్టుల చుట్టూ తిరిగి, ఇక ఓపిక లేక రాజీకి వస్తే, ఇరువైపుల వాళ్ళూ ఒకే కంచంలో చెయ్యి పెట్టి ముద్ద తినాలి. ఎన్ని సంతకాలు పెట్టినా అది రాజీ కాదు. ముద్ద గొంతు దిగితేనే రాజీ. చిక్కంతా ఎవరింట్లో తినాలన్న దగ్గరే. ఎవడు ఎవడి గుమ్మం తొక్కితే వాడు ఓడినట్టు. మా తాతల నాడు ఇద్దరు ఇలాగే పట్టుబట్టి, చివరికి గోదావరి మధ్యలో పడవ ఆపుకుని తిన్నారట. తిన్నాక పడవ ఎవరిదన్న దగ్గర మళ్ళీ తన్నుకుని కంచంతో సహా మునిగారట. ఆ కంచం ఇప్పటికీ వరదల్లో తేలుతుందనీ, నేను స్వయంగా చూశాననీ చెబితే మా మనవలు నవ్వుతారు. నవ్వనీ. ఇప్పుడు చెప్పేది మాత్రం నా కళ్ళ ముందు జరిగింది.

నా మేనల్లుడు పెద్దిరాజు నర్సరీకీ, బంగార్రాజు నర్సరీకీ మధ్య ఒకటే నీళ్ళ బోదె. ఒక ఎండాకాలం సాయంత్రం వంతు దగ్గర మాటా మాటా పెరిగింది. పెద్దిరాజు కొడుకు గణేష్‌బాబు అప్పటికి మీసం కూడా సరిగ్గా రానివాడు. చేతిలో అంట్లు కట్టే కత్తి ఉంది. బంగార్రాజు వచ్చి వాడి కాలరు పట్టుకునేసరికి వాడు ఆ కత్తి ఝళిపించాడు. అడ్డం పెట్టిన కుడి చేతికి చూపుడువేలూ మధ్యవేలూ తెగి బోదెలో పడ్డాయి. బంగార్రాజు అంటు కడితే చేతికర్ర కూడా చిగురు వేసేదని మేం చెప్పుకునేవాళ్ళం. ఆ చెయ్యి ఆ రోజుతో సరి.

కేసు నాలుగేళ్ళు నడిచి, రెండువేల నాలుగులో సాక్ష్యం దాకా వచ్చింది. సోమవారం రాజమండ్రి కోర్టులో బంగార్రాజు బోనెక్కాలి. "మసక వెలుతురండి, ఎవరో ఆనవాలు పట్టలేదండి" అన్నాడా, గణేష్‌బాబు ఇంటికి. "వీడే" అన్నాడా, జైలుకి. ఊరిపెద్దలు ఇరువైపులా మాట్లాడి, ఇకమీదట బోదెలో మొదటి వంతు బంగార్రాజుకే వదిలేలా పెద్దిరాజుని ఒప్పించారు. ఇక మిగిలింది ముద్ద.

ఎక్కడ తినాలన్న తగువు తీర్చింది గణేష్‌బాబు అక్క సత్యశ్రీ. రాజమండ్రిలో కంప్యూటరు సెంటర్లో పాఠాలు చెబుతుంది.

"దానవాయిపేటలో కొత్త హోటలు తెరిచారు తాతా. చైనా, థాయిలాండు వంటలు. అక్కడ ఎవరి కంచం వాళ్ళకి వడ్డించుకు రారు. అన్నీ బల్ల మధ్యలో పెడతారు, అందరూ పంచుకుని తినాలి. పిలిచినవాళ్ళూ లేరు, వచ్చినవాళ్ళూ లేరు."

"అయితే మన రాజీలు చైనావాళ్ళకి కూడా తెలుసన్నమాట" అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం ఆరుగురం వెళ్ళాం. మావైపు నుంచి పెద్దిరాజు, గణేష్‌బాబు, సత్యశ్రీ, నేను. అటునుంచి బంగార్రాజు, వాళ్ళమ్మ పాపాయమ్మ. లోపల ఎర్ర కాగితం లాంతర్లు వేలాడుతున్నాయి, వెలుతురు మాత్రం లేదు.

"ఏంటిది, కరెంటు పోయిందా?" అంది పాపాయమ్మ.

"వెలుగుంటే ఏం తింటున్నామో కనబడిపోద్ది పాపాయమ్మా" అన్నాను.

"నీకు కనబడకపోయినా తింటావుగా. కూర్చో."

గుండ్రటి బల్ల. దాని మీద ఇంకో అద్దం బల్ల, చేత్తో తోస్తే గిర్రున తిరిగేది. అందరి ముందూ రెండేసి పుల్లలు పెట్టి వెళ్ళాడు సర్వరు. అవి ఎందుకో సత్యశ్రీ చెబుతుంటే బంగార్రాజు వాటినే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత తన కుడి చెయ్యి తీసి వాటి పక్కన పెట్టాడు. బొటనవేలుకీ ఉంగరపువేలుకీ మధ్య ఖాళీ.

"ఈ హోటలు ఎవరు చూశారండి?"

"నేనే బాబాయ్‌గారూ" అంది సత్యశ్రీ.

"రెండు వేళ్ళు లేనివాడికి రెండు పుల్లలు పెట్టించారు. బాగుందమ్మా."

నేను గబగబా పుల్లలు పట్టుకున్నాను. "నాకు పది వేళ్ళూ ఉన్నాయి, నా సంగతి చూడు బంగార్రాజూ" అని, ముందుగా తెచ్చి పెట్టిన మంచూరియా ఉండని పొడిచాను. అది లేచి వెళ్ళి పెద్దిరాజు చొక్కా జేబులో పడింది. పాపాయమ్మ ముందు నవ్వింది, తర్వాత బంగార్రాజు పెదవి కదిలింది. పుల్లలన్నీ పోగేసి సర్వరు చేతిలో పెట్టాం. చేతులు కడుక్కుని వచ్చి మనలాగే కూర్చున్నాం.

నూడుల్సు వచ్చాయి. చింతపండు లేని పుల్లటి పులుసేదో వచ్చింది. ఇనప పళ్ళెం మీద కోడిముక్కలు బుసలు కొడుతూ, పొగలు కక్కుతూ వచ్చాయి. ముట్టుకుంటే చెయ్యి అంటుకుపోద్దండి అని చెప్పి, చెక్కతో సహా గణేష్‌బాబు పక్కన దించాడు సర్వరు. చివర్లో పెద్ద పళ్ళెంలో పండుగొప్ప చేప. తలా తోకా తియ్యకుండా ఆవిరి మీద ఉడకబెట్టి, పైన అల్లం ముక్కలు చల్లారు.

"దీంట్లోనే కానివ్వండి" అన్నాను. "ముందు బంగార్రాజు, తర్వాత పెద్దిరాజు."

బంగార్రాజు చెయ్యి చాచాడు. ఉన్న వేళ్ళతో ముక్క తుంచడం అతనికి కష్టం. జారిపోతోంది. మళ్ళీ పడుతున్నాడు. అతని వైపు ఉన్నది తోక. మాలో గౌరవించాల్సిన మనిషికి చేప తలకాయ పెడతాం. పెద్దిరాజుకి ఆ సంగతి అప్పుడు తట్టింది. తలకాయ అతని ముందుకి రావాలని అద్దం బల్ల ఒక్క తోపు తోశాడు.

బంగార్రాజు వేళ్ళ కింద నుంచి పళ్ళెం వెళ్ళిపోయింది. చెయ్యి గాల్లో ఉండిపోయింది.

పంక్తిలో తింటున్నవాడి చేతికింద నుంచి విస్తరి లాగడమంటే మా వైపు మెడపట్టి గెంటడం కన్నా ఎక్కువ. పెళ్ళిలో అలా లాగారని రెండు ఊళ్ళు మూడు తరాలు మాట్లాడుకోలేదు. వాళ్ళ గేదెలు కూడా ఒకదాన్నొకటి చూసి మొహం తిప్పుకునేవి.

"నా నోటికాడ కంచం లాగేశారు పెద్దిరాజు గారూ."

"లాగలేదు. తిప్పాను."

"నాలుగేళ్ళ కింద వేళ్ళు. ఇవాళ కూడు."

నీకు గౌరవం చేద్దామని తిప్పానయ్యా అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. మావాడికి పొగరు తల్లిపాలతో వచ్చింది. ఆ తల్లి నా అక్కే, నాకు తెలుసు.

"తింటే తిను, లేకపోతే మానెయ్. ఏడుపెందుకు?" అన్నాడు పెద్దిరాజు.

బంగార్రాజు లేవడం నేను చూడలేదు. చూసేసరికి అతని ఎడమ చెయ్యి పెద్దిరాజు మెడ మీద ఉంది. మొహాన్ని తెచ్చి అద్దానికేసి కొట్టాడు. మొదటి దెబ్బకి అద్దం బీటలు తీసింది. రెండో దెబ్బకి పగిలింది. పెద్దిరాజు నుదురు చీలి నెత్తురు నూడుల్సు మీద పడింది. పక్కబల్లల వాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని పారిపోయారు. పెద్దిరాజు మోచేత్తో వెనక్కి ఒక్కటిచ్చాడు. బంగార్రాజు ముక్కు ఎముక విరగడం నాకు వినబడింది. ఇద్దరూ కుర్చీలతో సహా కింద పడ్డారు.

గణేష్‌బాబు మధ్యలో దూరాడు. తీర్పు వచ్చేలోగా ఎవరి మీదైనా చెయ్యి లేచిందంటే బెయిలు పోతుందని లాయరు చెప్పి ఉన్నాడు. అందుకని రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఒళ్ళు మాత్రం అడ్డం పెట్టాడు.

"నన్ను కొట్టండి బాబాయ్. నాన్నని వదిలెయ్యండి, నన్ను కొట్టండి."

బంగార్రాజు మొహమాటపడలేదు. చేతికి దొరికిన ముళ్ళ చెంచా వాడి భుజంలో దింపాడు. తీసి మళ్ళీ దింపాడు. వాడు మూలిగాడు గానీ కట్టుకున్న చేతులు విప్పలేదు. మూడోసారి గుద్దు మూతి మీద పడింది. వాడు పన్ను ఉమ్మేసి మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. సత్యశ్రీ బంగార్రాజు చొక్కా పట్టుకుని వేలాడుతోంది. చొక్కా చిరిగి ఆమె చేతిలో మిగిలింది. నేను వెనక నుంచి అతన్ని వాటేసుకున్నాను. ఈ వయసులో కూడా నేనొకసారి పట్టుకుంటే ఆంబోతు కదలదు. ఆరోజు మాత్రం ఒక్క విదిలింపుకి వెళ్ళి కాగితం లాంతర్లో తల పెట్టాను.

అప్పటికి పెద్దిరాజు లేచాడు. కళ్ళలోకి నెత్తురు కారుతోంది. చేతిగుడ్డ చుట్టుకుని, ఇంకా బుసలు కొడుతున్న ఇనప పళ్ళేన్ని రెండు చేతులా ఎత్తాడు. కోడిముక్కలు అతని కాళ్ళ మీద రాలుతున్నాయి. బంగార్రాజు నెత్తుట్లో కాలుజారి వెల్లకిలా పడి ఉన్నాడు. పాపాయమ్మ కొడుకు మీద పడబోతూ చీర అడ్డుపడి బోర్లా పడింది. పెద్దిరాజు పళ్ళెం అంచుని కిందకి తిప్పి, బంగార్రాజు తల చూసుకుని దించాడు.

గణేష్‌బాబు చేతులు విప్పాడు. పైనుంచి దిగుతున్న ఇనుముని రెండు అరచేతులతో పట్టుకున్నాడు.

తండ్రి నొక్కుతున్నాడు, కొడుకు ఆపుతున్నాడు. వదిలేస్తే అది కిందవాడి బుర్రలో దిగుతుంది, కొడుకు వదల్లేదు. పళ్ళెం చప్పుడు మారింది. ఆ వాసన గురించి నేను ఒక్క మాట కూడా కల్పించను, చెప్పను కూడా. తన ముందున్నది కొడుకు అని పెద్దిరాజుకి తెలిసేసరికి చాలాసేపు పట్టింది. పళ్ళెం పక్కన పడేశాక చూస్తే వాడి అరచేతుల తోలు దాంతోనే వెళ్ళిపోయింది.

హోటలువాళ్ళు పోలీసుల్ని పిలుస్తామంటే, నేల మీద నుంచే అంది పాపాయమ్మ: "బల్ల జారింది నాయనా. బల్లకి కేసేంటి?" తర్వాత కొంగు తడిపి గణేష్‌బాబు చేతుల మీద వేసింది. బంగార్రాజు ముక్కు పట్టుకుని వాణ్ణి చూస్తూ కూర్చున్నాడు.

సోమవారం అందరం కోర్టుకి వెళ్ళాం. పెద్దిరాజు తలకి కుట్లు. బంగార్రాజు మొహం వాచి గుమ్మడికాయలా ఉంది. గణేష్‌బాబు చేతులకి మోచేతుల దాకా తెల్లకట్లు. జడ్జిగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని మమ్మల్ని చూశారు.

"మీ వేళ్ళు నరికింది ఎవరో చెప్పగలరా?" అని అడిగాడు ప్రభుత్వ లాయరు.

మా లాయరు పొద్దున్నే గుమ్మం దగ్గర బంగార్రాజుతో మాట్లాడి వచ్చి, పర్లేదు అన్నట్టు మాకు తలూపి ఉన్నాడు.

"ఆ కుర్రోడేనండి" అన్నాడు బంగార్రాజు. "నిన్న నా బుర్ర పగలకుండా కాపాడింది కూడా ఆ కుర్రోడేనండి. అదీ రాసుకోండి."

రెండోది ఈ కేసులోకి రాదన్నారు జడ్జిగారు.

"రాకపోతే ఎలాగండి. రెండూ నాకే జరిగాయి కదండి."

మా లాయరు లేచి ఏదో అనబోయాడు. ఈలోగా గణేష్‌బాబు నిలబడి, "నేనేనండి" అన్నాడు. లాయరు వాడి చొక్కా లాగుతున్నా కూర్చోకుండా మళ్ళీ అన్నాడు. బెయిలు అక్కడికక్కడే పోయింది. తర్వాత పడిన శిక్ష రెండేళ్ళు.

వరండాలో పెద్దిరాజు బంగార్రాజుని స్తంభానికి అదిమి గొంతు పట్టుకున్నాడు. "ప్రాణం నిలబెట్టినోణ్ణి జైలుకి పంపుతావురా?"

"పంపుతాను" అన్నాడు బంగార్రాజు, ఊపిరాడకపోయినా. "నా చేతిని నేను రోజూ చూసుకోవాలి పెద్దిరాజు గారూ." కానిస్టేబుళ్ళు లాఠీలతో పెద్దిరాజు వీపు వాయించారు. అతను వదల్లేదు. ఇంకో దెబ్బకి వేళ్ళు సడలాయి, నోరు మాత్రం ఆగలేదు.

గణేష్‌బాబుని బెంచీ మీద కూర్చోబెట్టారు. బేడీలు వేద్దామంటే వెయ్యడానికి చేతులు లేవు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఏరా, లాయరు అంత తేలికైన అబద్ధం నేర్పాడు కదా. నన్నడిగితే ఇంకా పెద్దది చెప్పేవాణ్ణి. ఎందుకన్నావురా ఆ మాట?"

"మంట తాతా. ఇంత మంట పుడుతుంటే అబద్ధం ఎక్కడ గుర్తుంటుంది?" అన్నాడు వాడు. తర్వాత "ముక్కు దురదేస్తోంది. కాస్త గోకవా" అన్నాడు.

గోకాను. అవతల వాడి తండ్రి ఇంకా అరుస్తూనే ఉన్నాడు.