ఎనిమిది మార్పులూ, సక్కుబాయీ

హైదరాబాద్ నల్లగండ్లలో ఉదయశ్రీ వాళ్ల అపార్ట్‌మెంట్‌కి రోజూ పొద్దున చెత్త ఆటో వస్తుంది. ఫిబ్రవరిలో ఒకరోజు పాపకి టీకా వేయించడానికి తొందరగా బయల్దేరి, కారు బయటికి తీసే దారి లేక ఆ ఆటో వెనకే ఆగింది. ఆటోలో నిలబడి ఒకామె, ఫ్లాట్ల నుంచి వచ్చిన నల్ల కవర్లను ఒక్కొక్కటే చేతులతో చింపి, ప్లాస్టిక్ ఒక పక్కకీ అన్నం మెతుకులు ఇంకో పక్కకీ వేస్తోంది. ఒక కవర్లోంచి డైపర్లు జారిపడ్డాయి. నీలం ఏనుగు బొమ్మలున్న డైపర్లు. ఉదయశ్రీ వాటిని గుర్తుపట్టింది, తన పాపవే. ఆటోలో ఉన్నామె వాటిని ఉట్టి చేతులతోనే ఏరి అవతల పడేసి, చెయ్యి కొంగుకి తుడుచుకుని ఇంకో కవర్ అందుకుంది.

ఆ దృశ్యం ఉదయశ్రీని వదల్లేదు. ఆస్పత్రిలో కూర్చున్నంతసేపూ అదే. సాయంత్రం భర్త శ్యామ్ ఆఫీసు నుంచి రాగానే చెప్పింది.

"మనింట్లో కొన్ని మార్చేద్దాం. చిన్నచిన్నవే. కానీ మార్చాలి."

"మార్చేద్దాం," అన్నాడు శ్యామ్. మంచి మాటే కదా, కాదనడానికి ఏముంది?

తణుకులో పుట్టి పెరిగిన ఉదయశ్రీ ఏ పనైనా మొదలుపెట్టిందంటే సగంలో ఆపే రకం కాదు. వారం తిరక్కుండా తడి చెత్తకీ పొడి చెత్తకీ రెండు బుట్టలొచ్చాయి. పాపకి గుడ్డ డైపర్లు తెప్పించింది. గిన్నెలు తోమే సబ్బు మానేసి, కుంకుడుకాయ రసంలో నిమ్మ తొక్కలు ఉడకబెట్టి సీసాల్లో నింపింది. ప్లాస్టిక్ స్క్రబ్బర్ పోయి కొబ్బరి పీచు వచ్చింది. వంటింట్లో టిష్యూ రోల్ ఉండే చోట పాత కాటన్ చీర ముక్కలు చేరాయి. మంచినీళ్ల ఫిల్టర్ నుంచి వృథాగా పోయే నీళ్లని ఇరవై లీటర్ల బకెట్‌లోకి పట్టి, ఇల్లు తుడవడానికి వాడాలని నిర్ణయించింది. పాల కవర్లూ పెరుగు డబ్బాలూ కడిగి ఆరబెట్టాలి. బాల్కనీలో కంపోస్ట్ డబ్బా ఒకటి, దాన్ని రోజూ కలియబెట్టాలి. మార్చి నెల పూర్తయ్యేసరికి లెక్క ఎనిమిదికి చేరింది. ఆ ఎనిమిదీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించింది. దాని ఫోటో అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో పెడితే నలభై మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఏప్రిల్ రెండో ఆదివారం క్లబ్‌హౌస్‌లో ఆడవాళ్లందరికీ దీని గురించి చెప్పమని అడిగారు కూడా.

ఆ ఇంట్లో గిన్నెలు తోమి, ఇల్లు ఊడ్చి తుడిచేది సక్కుబాయి. నలభై ఎనిమిదేళ్ల మనిషి. బోరబండ నుంచి పొద్దున్నే లోకల్ రైలెక్కి లింగంపల్లిలో దిగి, అక్కణ్నుంచి షేర్ ఆటోలో వస్తుంది. పాప పుట్టకముందు నుంచీ ఆ ఇంట్లో పనిచేస్తోంది. కొత్త మార్పులు ఒక్కొక్కటీ చెప్తుంటే, "సరేనమ్మా" అనేది. అంతకు మించి ఏమీ అనలేదు.

ఆదివారం క్లబ్‌హౌస్ మీటింగ్ అనగా, శుక్రవారం నాడు పని ముగించుకుని చెప్పులేసుకుంటూ చెప్పింది.

"అమ్మా, ఎల్లుండి సంది నేను రాను. ఇంకొకరిని చూసుకో."

ఉదయశ్రీ లాప్‌టాప్ ముందు నుంచి లేచి వచ్చింది. "ఏమైంది సక్కుబాయీ? ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవరేమంటరమ్మా. ఇంటికాడ జర పనుంది."

శనివారం లిఫ్ట్‌లో ఐదో అంతస్తు జ్యోతి కలిసింది. ఏదో చెప్తూ చెప్తూ, "సోమవారం నుంచి సక్కుబాయి మా ఇంటికొస్తోందండి, మీరు మానిపించేశారట కదా," అంది.

ఉదయశ్రీకి ముఖం వేడెక్కింది. సక్కుబాయికి తను పండక్కి చీరలు పెట్టింది, ఆమె మొగుడు జబ్బున పడితే డాక్టర్ని మాట్లాడిపెట్టింది. అయినా ఆమె అబద్ధం చెప్పి రెండంతస్తుల పైకి మారిపోయింది. శ్యామ్‌తో చెప్పుకుని ఏడ్చినంత పని చేసింది.

ఆదివారం క్లబ్‌హౌస్‌లో పాతిక మంది దాకా చేరారు. ఉదయశ్రీ బాగానే మాట్లాడింది. ముందు చెత్త ఆటో దగ్గర చూసింది చెప్పింది. తర్వాత ఎనిమిది మార్పులూ వరసగా చెప్పింది. ఒకరిద్దరు ఫోన్లలో రాసుకున్నారు కూడా. చివర్లో మూడో అంతస్తు శారదమ్మ గారు చెయ్యెత్తారు. అనంతపురం వైపు ఆమె. పెద్దగా మాట్లాడరు.

"అంతా బాగుంది పాపా. ఇవన్నీ ఎవరు కడగాల?"

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగారు.

"మేమే అండి," అంది ఉదయశ్రీ. "ఇంట్లో అందరం కలిసి చేసుకుంటాం."

రెండో వరసలో కూర్చున్న జ్యోతి తల దించుకుని ఫోన్ చూసుకుంటోంది. అవన్నీ చేసింది తనేనని సక్కుబాయి ఆమెకి చెప్పే ఉంటుందని ఉదయశ్రీకి అప్పుడు తోచింది. శారదమ్మ గారు మాత్రం, "అట్లయితే మంచిదే," అని చెయ్యి దించేశారు.

మర్నాటి నుంచి పని ఉదయశ్రీ మీద పడింది. ఆ వారం ఇంటి నుంచే ఆఫీసు పని. పొద్దున ఆరింటికి మొదలుపెడితే తొమ్మిదిన్నర మీటింగ్‌కి తడి చేతులతోనే కూర్చోవాల్సి వచ్చింది. బంగాళాదుంపలు వేయించిన మూకుడు కుంకుడు రసంతో ఎంత తోమినా జిడ్డు వదల్లేదు. కొబ్బరి పీచుతో బలం కొద్దీ రుద్దితే మోచెయ్యి దాకా లాగింది. ఫిల్టర్ నీళ్ల బకెట్ వంటింట్లోంచి హాల్లోకి మోసేటప్పుడు సగం దారిలో దించాల్సి వచ్చింది. చీర ముక్కలు పసుపు మరకలతో కుప్పపడ్డాయి. గుడ్డ డైపర్లు మెషిన్లో వేసేముందు ఒక్కోటీ నల్లా కింద జాడించాలి. రోజుకి ఎనిమిదీ తొమ్మిదీ. మూడో రోజుకి వేళ్ల కొసలు పగిలాయి.

ఎవరూ సక్కుబాయికి పని పెంచమని చెప్పలేదు. అలాగని ఎవరూ తగ్గించనూ లేదు. ఎనిమిది మార్పుల్లో ఏడు ఆమె చేతుల మీదుగా జరిగాయి. కాగితం మీద మాత్రం ఉదయశ్రీ రాసుకుంది.

బుధవారం శ్యామ్ ఆమె వేళ్లు చూసి, "మామూలు డైపర్లే మళ్లీ కొనేద్దామా?" అన్నాడు.

"శ్యామ్, ఈ రెండు నెలల్లో నువ్వు ఒక్కటైనా జాడించావా?"

అతను లేచి వెళ్లి నల్లా తిప్పాడు. మొదటిది జాడించేటప్పుడు చొక్కా అంతా తడుపుకున్నాడు. ఆరోదానికి చెయ్యి తిరిగింది.

గురువారం పదకొండు గంటలప్పుడు పాపని తీసుకుని కారులో మందుల షాపుకి బయల్దేరిన ఉదయశ్రీకి గేటు దగ్గర సక్కుబాయి కనిపించింది. ఎండలో ఆటో కోసం నిలబడి ఉంది. ఉదయశ్రీని చూసి ముఖం తిప్పుకోబోయి, పాపని చూసి ఆగిపోయింది.

"ఎక్కు. స్టేషన్ దగ్గర దింపుతాను," అంది ఉదయశ్రీ.

లింగంపల్లి చేరేసరికి రైలు వెళ్లిపోయింది. ఇంకోటి రావడానికి ముప్పావు గంట పడుతుందన్నారు. ఉదయశ్రీ వెనక్కి వెళ్లలేదు. ప్లాట్‌ఫారం మీద నీడ పట్టున బెంచీ చూసుకుని ఇద్దరూ కూర్చున్నారు. పాప సక్కుబాయి ఒళ్లోకి వెళ్లిపోయి గాజులు లాగుతోంది.

"ఇంటి దగ్గర పనుందన్నావు," అంది ఉదయశ్రీ.

"అబద్ధమే చెప్పిన."

"నిజం ఎందుకు చెప్పలేదు?"

సక్కుబాయి కుడి చెయ్యి పైకెత్తబోయి, భుజం దగ్గరే ఆపేసింది. "గింతే లేస్తది. తల దువ్వుకుందామంటే కోడలు దువ్వుతది. దవాఖానల డాక్టరు బరువులు మొయ్యొద్దన్నడు."

"నాకు చెప్తే..."

"ఏమని చెప్పాలమ్మా? నువ్వు మంచి పని చేస్తున్ననంటివి. నలుగురు మెచ్చుకుంటున్నరు. మంచి పని వద్దంటే నేను చెడ్డదాన్నయిత గద."

అవతలి ప్లాట్‌ఫారం మీద ఏదో రైలు ఆగి కదిలిపోయింది.

"క్లబ్‌హౌస్‌లో అడిగారు, ఇవన్నీ ఎవరు కడుగుతారని," అంది ఉదయశ్రీ. "మేమే అని చెప్పాను."

సక్కుబాయి కొంచెం నవ్వింది. "జ్యోతమ్మ చెప్పింది."

"తప్పు చేశాను సక్కుబాయీ."

"తప్పని కాదమ్మా. మా బస్తీల నల్లా రోజు విడిచి రోజు వస్తది. నీళ్లు పారబోసుడు నా కండ్లకు గూడ మంచిగ అనిపియ్యదు. నీళ్ల మీద నాకు కోపం లేదు, బకీటు మీదనే. కొబ్బరి పీచు మా ఇంట్ల గూడ ఉంది. గని జిడ్డు బోళ్లకు సబ్బు ఉండాలె. కుంకుడుకాయ నెత్తికి పెట్టుకో, మూకుడుకు పెట్టకు."

ఉదయశ్రీ నవ్వింది. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత ఆ బెంచీ మీదే ఎనిమిదింటినీ ఒక్కోటీ అడిగింది, సక్కుబాయి దాచుకోకుండా చెప్పింది. పాల కవర్ కత్తిరించినవాళ్లే అప్పటికప్పుడు కడిగితే పని కాదు, ఎండిపోయాక కడగాలంటేనే పని. రెండు బుట్టలు మంచివే, చెత్త ఏరే ఆమె కూడా తమ బస్తీ మల్లమ్మే. ఇక కంపోస్ట్ డబ్బా పేరెత్తగానే ముక్కు మూసుకుంది. రైలొచ్చింది. ఎక్కేముందు పాపని అందిస్తూ, "నేనైతే జ్యోతమ్మకు మాటిచ్చిన," అంది.

"మాట తప్పమని అడగను," అంది ఉదయశ్రీ.

ఆ శనివారం శ్యామ్ ప్లంబర్‌ని పిలిపించి, ఫిల్టర్ నీళ్ల గొట్టం పొడుగు చేయించి వెనక బాల్కనీలో డ్రమ్ములోకి కలిపించాడు. డ్రమ్ముకి కింద నల్లా. ఇల్లు తుడవడానికి సగం బకెట్ పట్టుకుంటే చాలు, బరువు మోసే పని లేదు. తుడిచే కర్ర కూడా నిలబడి తుడిచేది తెచ్చారు. డైపర్లు జాడించడం శ్యామ్ పనైంది. బయటికి వెళ్లినప్పుడు మాత్రం కొన్న డైపర్లే వాడుతున్నారు, వాటిని విడిగా కాగితంలో చుట్టి ఎర్ర గుర్తు పెట్టి చెత్త ఆటోలో ఇస్తున్నారు. కంపోస్ట్ డబ్బాని కింద తోటలో తవ్విన పెద్ద గుంతలో ఖాళీ చేసి, వాడడం మానేశారు. ఫ్రిజ్ మీది కాగితం తీసేసింది ఉదయశ్రీ.

అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో ఒక మెసేజ్ రాయడానికి మాత్రం ఆమెకి రెండు రోజులు పట్టింది. "క్లబ్‌హౌస్‌లో శారదమ్మ గారికి నేను చెప్పిన జవాబు నిజం కాదు. ఆ పనులన్నీ సక్కుబాయి చేసింది. ఏది ఆమెకి భారమైందో, ఏది కాలేదో ఇప్పుడు తెలుసుకున్నాను. మీరూ మొదలుపెట్టే ముందు మీ ఇంట్లో పనిచేసేవాళ్లని అడగండి." ఈసారి చప్పట్లు ఎక్కువ రాలేదు. శారదమ్మ గారు నమస్కారం బొమ్మ పెట్టారు. జ్యోతి ఫోన్ చేసి, తమ ఇంటి పని పదిన్నరకి అయిపోతుందనీ, ఆ తర్వాత సక్కుబాయి ఎక్కడికెళ్లినా తనకి అభ్యంతరం లేదనీ చెప్పింది.

ఉదయశ్రీ అడిగితే, మే నెల మొదట్లో సక్కుబాయి మళ్లీ వచ్చింది. మునుపటిలా పొద్దున్నే కాదు, పదకొండింటికి. రెండు గంటల పని కాదు, గంటే. జీతం పాతదే. భుజం పూర్తిగా తగ్గలేదు కానీ, తల తనే దువ్వుకోగలుగుతోంది.

ఒక సోమవారం ఉదయశ్రీ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి మొహమాటంగా అడిగింది.

"సక్కుబాయీ, ఇంకోటి అనుకుంటున్నాను. కూరగాయలకి ప్లాస్టిక్ కవర్లు మానేసి, గుడ్డ సంచులు పట్టుకెళ్దామని. నువ్వేమంటావు?"

సక్కుబాయి గిన్నె కడుగుతూనే తల తిప్పి చూసింది.

"అంగడికి పోయేది నువ్వు, మోసుకొచ్చేది నువ్వు. నన్నెందుకమ్మా అడుగుతవ్?"

ఇద్దరూ నవ్వారు. హాల్లో నేల మీద పాకుతున్న పాప ఆ నవ్వు విని, ఏంటో చూద్దామని వంటింటి వైపు బయల్దేరింది.