ఎడమ లైటులో గురువారం

అన్యాయం జరిగింది గిడ్డమ్మకు. 2006 మే పద్దెనిమిది, గురువారం, దీపాలు పెట్టే వేళ, అవుకు రోడ్డులో ప్రకాశం మామిడితోట గేటు ముందర. ఏదో బండి ఆమె కుడిపాదం మీదుగా పోయింది. ఏ బండో ఆమె చూడలేదు, స్పృహ తప్పింది. తోట యజమాని ప్రకాశం మాత్రం చూశానన్నాడు. తన తోటకు కాపలా ఉండే ఆమెను జీపులో వేసుకొని బనగానపల్లె ఆసుపత్రికి తెచ్చి, అక్కడ చేరినవాళ్లందరికీ వినబడేట్లు చెప్పాడు.

"రామసుబ్బయ్యశెట్టి వ్యానే గుద్దింది. వాని లైట్ల సంగతి మీకు తెలీందేముండాది!"

ఆ సంగతి ఊరందరికీ తెలుసు. రామసుబ్బయ్య తన కిరాణా అంగడికి సరుకు తెచ్చుకోడానికి ఆదోనిలో ఒక పాత వ్యాను కొన్నాడు. దాని లైట్లు బుడ్డిదీపాల మాదిరి ఉన్నాయని కర్నూల్లో కొత్తగా తెల్ల లైట్లు బిగించుకున్నాడు. అంతటితో ఊరుకున్నాడా? అహోబిలం తీసుకుపోయి బండిపూజ చేయించాడు. ఎవరికైనా చక్రాల ముందర ఒక టెంకాయ కొడితే చాలు. ఈయనకు చాల్లేదు. బానెట్ ఎత్తించి, ఇంజనుకు కూడా పసుపు కుంకుమ పూయించి, రెండో టెంకాయ నీళ్లు లోపల పోయించాడు. ఆ నీళ్లు పోయి ఎడమ లైటు ఎర్తు వైరు బిగించిన బోల్టు మీద నిలిచాయి. బోల్టు తుప్పు పట్టింది. కరెంటు సరిగా అందక ఎడమ లైటు ఒక రోజు వెనకబడింది.

కుడి లైటు ఈ రోజు రోడ్డు చూపిస్తే, ఎడమ లైటు నిన్నటి రోడ్డు చూపించేది. నిన్న ఆ వేళకు గొర్రెలు అడ్డం పోయుంటే, ఈ రోజు ఖాళీ రోడ్డు మీద ఆ గొర్రెలు కనబడేవి. రామసుబ్బయ్య వాటికి కూడా హారను కొట్టేవాడు.

"బోల్టు విప్పి తుప్పు గీకితే అయిపోతాది శెట్టీ, అర్ధగంట పని" అని మెకానిక్కు దేవేంద్రప్ప కనబడినప్పుడల్లా చెప్పేవాడు.

"కుడిది బాగానే ఉండాది కదప్పా. చూద్దాంలే."

మగవాడు తన బద్ధకానికి పొదుపని పేరు పెట్టుకుంటాడు. దాని ఫలితం మాత్రం ఇంకెవరి కాలి మీదుగానో పోతుంది.

ఊరు ఎరగని సంగతి ఇంకొకటుంది. ఆ గురువారం అవుకు నుంచి వస్తూ, సరిగ్గా ప్రకాశం తోట దగ్గరే, వ్యాను ఒక ఎగురు ఎగిరింది. గుంత అనుకొని రామసుబ్బయ్య ఆపలేదు. ఆ మాట పెళ్లాం సుందరలక్ష్మితో తప్ప ఎవరితోనూ అనలేదు.

"గుంతే అయింటాది" అన్నాడు శుక్రవారం పొద్దున, అన్నం కెలుకుతూ.

"ఆ తావున గుంత ఉండాదా మరి?"

ఆయన కంచం పక్కకు నెట్టి లేచిపోయాడు. ఆ రోజంతా నాలుగుసార్లు పెరట్లోకి పోయి బంపరు తడిమాడు. చక్రాల సందుల్లో వేలు పెట్టి చూసి, ఆ వేలు వాసన చూసుకున్నాడు. అంగట్లో చక్కెర అడిగినవాళ్లకు ఉప్పు కట్టిచ్చాడు. గేటు చప్పుడైతే చాలు, నుదుటి నిండా చెమట. వారం గడిచేసరికి చొక్కా భుజాల మీంచి జారేంతగా చిక్కిపోయాడు. ఇంతలో స్టేషన్ నుంచి కబురొచ్చింది. ప్రకాశం ఇచ్చిన ఫిర్యాదు ఉంది, శనివారం గిడ్డమ్మ మాట కూడా రాసుకొని కేసు కడతారని. పాదానికి కర్నూల్లో ఆపరేషన్ చేయాలన్నారు డాక్టర్లు. ఆలస్యమైతే పాదం తీసేయాలట.

మరుసటి గురువారం సాయంత్రం రామసుబ్బయ్య వ్యానును దేవేంద్రప్ప షెడ్డుకు తోలుకుపోయాడు. సుందరలక్ష్మి వెనకాలే నడిచి వచ్చింది.

"తుప్పు గీకెయ్యప్పా" అంటున్నాడు ఆయన.

"ఆగు దేవేంద్రప్పా!" అంది ఆమె. "ఇన్నాళ్లు గీకని తుప్పు ఈ పొద్దే గీకల్లా? ఆ లైటు ఒక్కటే చూసింది మనం చూడనిది. దాని కండ్లు కూడా పొడిపిస్తారా?"

రామసుబ్బయ్య గొంతు తగ్గించాడు. "మనమే అయింటే, సుందరా?"

"అయింటే మనమే. తెలుసుకోకుండా బతుకుతాండారా మీరిప్పుడు? వారమాయె, ఒగ ముద్ద దిగలేదు."

ఆయన సిమెంటు దిమ్మె మీద కూలబడ్డాడు. ఆమె మెకానిక్కు వైపు తిరిగింది.

"అది ఒగ దినం ఎనకబడింది కదప్పా. ఎనిమిది దినాలు ఎనక్కి పోవాలంటే ఏం జేయాల?"

దేవేంద్రప్ప తల గోక్కున్నాడు. "ఎర్తు ఇంకా చెడిపోవాల. బాగుచేయమనే వాళ్లే గాని, చెడగొట్టమని ఇంతవరకు ఎవురూ అడగలేదక్కా."

"నేనడుగుతాండా. నువ్వు బాగుచేసినవి చెడిపోడం ఈ ఊర్లో ఎవురూ చూడనట్టు మాట్లాడతావేం?"

దేవేంద్రప్ప నవ్వుకుంటూ బానెట్ ఎత్తాడు. ఎర్తు వైరు తీసేసి వెంట్రుకంత సన్నవైరు వేశాడు. బోల్టు కింద రంగు పూశాడు. లైటు వెలిగిస్తే ఎదురుగా టైలరు ఇంటి ముందర మొన్నటి ఆదివారం కనబడింది. అంటే నాలుగు రోజులు. ఇంకొక పూత వేశాడు. ఈసారి ఉగాదికి పోయింది. వేపపూత రాలుతూ ఉంది వెలుగులో. "ఎక్కువైందిరా దేవుడా" అని ఉలితో కొంచెం గీకాడు. అప్పుడు టైలరు ఇంటి ముందర పెళ్లి పందిరి లేచింది. అత్తరు పూసుకున్న చుట్టాలు వస్తున్నారు. టైలరు కూతురి నిఖా మే పదిహేడు, బుధవారం.

"బిగించెయ్. ఈ పొద్దు బుధవారం కనబడితే, రేపు గురువారం కనబడతాది" అంది సుందరలక్ష్మి.

మరుసటి రోజు మధ్యాహ్నం ఆసుపత్రికి పోయింది. గిడ్డమ్మ పాదానికి కట్టు దిండంత ఉంది.

"మీ బండ్లోనే ఎక్కమంటాండావా శెట్టెమ్మా?"

"ఎక్కు. మేమే అయింటే మేము చెప్పేదాకా ఎందుకు, నీ కండ్లతో నువ్వే చూడు."

గిడ్డమ్మ కట్టు ఉన్న కాలు మెల్లగా మంచం కిందికి జరిపింది. "లేపు మరి" అని చెయ్యి చాపింది.

పొద్దుగూకుతుండగా వ్యాను తోట ఎదురుగా, రోడ్డుకు అవతల ఆగింది. ముందు సీట్లో మొగుడూ పెళ్లాం, వెనక బియ్యం మూటల మీద కాలు చాపుకొని గిడ్డమ్మ. రామసుబ్బయ్య లైటు స్విచ్చు మీద వేలు పెట్టి, మళ్లీ తీసేశాడు. సుందరలక్ష్మే వేసింది.

కుడి లైటులో రోడ్డు ఖాళీ. ఎడమ లైటులో గురువారం.

గేటుకు కొంచెం ఇవతల, రోడ్డు మధ్యలో ఒక రాయి. ఏ లారీవాడో చక్రం కింద పెట్టుకొని వదిలేసి పోయింటాడు. దూరం నుంచి ఒక వ్యాను వచ్చింది. తమదే. స్టీరింగు వెనక తన మొహమే చూసుకొని రామసుబ్బయ్య కళ్లు మూసుకున్నాడు.

"తెరవండి" అంది ఆమె.

వ్యాను రాయి మీద ఎక్కి ఎగిరి, ఆగకుండా పోయింది. రోడ్డు మీద మనిషి లేదు. రామసుబ్బయ్య నోటినుంచి ఏదో చప్పుడొచ్చింది, ఏడుపో నవ్వో తెలీలేదు.

అప్పుడు గేటులోంచి గిడ్డమ్మ బయటికొచ్చింది. గంప నెత్తినుంది. చీర కుచ్చిళ్లు దోపుకొని, రోడ్డు అంచున నిలబడి గంప సర్దుకుంటోంది. ఆమె వెనక తోటలోంచి, లైట్లు వెయ్యకుండా, ఒక జీపు వెనక్కి వస్తోంది. తోలేవాడు సెల్‌ఫోను చెవికి ఆనించుకొని ముందుకే చూస్తున్నాడు. నేరుగా ఆమె నడుము మీదికి.

"అమ్మో" అంది వెనక మూటల మీది గిడ్డమ్మ, ఊపిరి లేకుండా.

సుందరలక్ష్మికి అది ఎనిమిది రోజుల కిందటిదన్న సంగతే తోచలేదు. తల కిటికీలోంచి బయట పెట్టి, అంగట్లో అప్పుకు వచ్చినవాళ్లను అదిలించే గొంతుతో అరిచింది.

"ఏయ్ గిడ్డీ! చెవిటిదానా! ఈ పక్కకు రాయే, సచ్చిపోతావు!"

వెలుగులో ఉన్న గిడ్డమ్మ ఉలిక్కిపడి ఇటు తిరిగింది. ఒక అడుగు ఇవతలికి వేసింది. జీపు ఆమె నడుమును ఒరుసుకొని, వెనకబడిన కుడిపాదం మీదుగా పోయింది. గంప దొర్లింది. జీపు ఆగింది, ప్రకాశం దిగాడు. ముందు కింద పడినామెను చూశాడు. తర్వాత రోడ్డు అటూ ఇటూ చూశాడు. తర్వాత దూరంగా పోతున్న వ్యాను వెనక ఎర్రదీపాన్ని చాలాసేపు చూశాడు.

సుందరలక్ష్మి స్విచ్చు తీసేసింది.

వెనకనుంచి గిడ్డమ్మ గొంతు వచ్చింది.

"ఆ పొద్దు నన్నెవురో తిట్టినట్టు ఇనబడింది శెట్టెమ్మా. నన్ను గిడ్డీ అని తిట్టేదెవురా అని తిరిగినా."

"ఊరికే తిట్టలేదులే" అంది సుందరలక్ష్మి. ఆమె గొంతు బొంగురుపోయి ఉంది. రామసుబ్బయ్య బండిని రెండుసార్లు రోడ్డు అంచుకు దించాడు. అందుకని ఊరికి వెళ్లేదాకా ఆమె స్టీరింగు మీద ఒక చెయ్యి వేసే కూర్చుంది.

శనివారం స్టేషన్లో హెడ్డు కానిస్టేబులు కాగితం ముందర పెట్టుకొని గిడ్డమ్మ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. రామసుబ్బయ్య పేరు కొట్టేసి, ప్రకాశం పేరు రాశాడు. ప్రకాశాన్ని పిలుచుకు రమ్మని మనిషిని పంపాడు. గిడ్డమ్మను ఆ మధ్యాహ్నమే కర్నూలుకు తీసుకుపోవాలని, ఖర్చు ప్రకాశానిదని కూడా రాశాడు. మళ్లీ తలెత్తాడు.

"జీపు ఎనకనుంచి వస్తాంటే నువ్వు చూడలేదంటాండావు. మరి ఎందుకు పక్కకు జరిగినావు?"

"శెట్టెమ్మ తిట్టింది సార్."

"ఎప్పుడు తిట్టింది?"

"నిన్న."

హెడ్డు తల ఊపి, కలం ఒకసారి విదిలించి రాశాడు. పాదం మీదుగా జీపు పోయిన తేదీ 18-05-2006. పక్కకు జరగమని సుందరలక్ష్మి అరిచిన తేదీ 26-05-2006.