కొలత తప్పని గది

ఆ సందులో బట్టలు కుట్టే ఆమెను చిన్నా పెద్దా అందరూ పెద్దక్క అనే పిలిచేవారు. నలభై ఏళ్ళుగా ఒకటే మిషను, ఒకటే కిటికీ. ఎవరి నడుము ఎప్పుడు లావైందో, ఎవరి భుజం ఏ దిగులుకి వాలిపోయిందో ఆమె టేపుకి తెలిసినంత వాళ్ళింట్లో అద్దానికి కూడా తెలియదు. అరంగుళం తేడా వచ్చిందా, మొత్తం విప్పి మళ్ళీ కుట్టాల్సిందే. "పర్లేదులే, ఎవరికి కనపడుతుంది" అన్న మాట ఆ నోట ఏనాడూ రాలేదు. ఎంత మంచి గుణం! ఆ గుణమే చివరికి కొంప ముంచింది.

పెద్దక్క వంటగది వెనకాల, గోడకి ఆనించి కట్టిన గదిలో ఆమె చెల్లెలు ఉండేది. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని ఆమెది. మొగుడు పోయి, అత్తవారింట చోటు లేక అక్క దగ్గరికి వస్తే, ఇద్దరూ కలిసి ఇటుక మీద ఇటుక పేర్చి, పైన రేకు కప్పి ఆ గది నిలబెట్టుకున్నారు. కాగితం లేదు, అనుమతి లేదు. ఏడేళ్ళు గడిచాయి. గదికీ వంటగదికీ మధ్య జానెడు కిటికీ. రోజూ తెల్లారగానే టీ గ్లాసు అందులోంచి అటు వెళ్ళేది, చెల్లెలి సణుగుడు అందులోంచి ఇటు వచ్చేది. వాళ్ళమ్మ పోతూ పోతూ చిన్నదాని చెయ్యి పెద్దదాని చేతిలో పెట్టింది. అప్పగింతలంటే అవి. పెద్దక్క ఆ చెయ్యి మళ్ళీ వదల్లేదు.

అలా ఉండగా బొమ్మల పిల్ల వచ్చింది. ఆ పిల్లకి పేరుంది గాని సందులో ఎవరికీ నోరు తిరగక అలా స్థిరపడిపోయింది. బొమ్మలు గీస్తుంది, ఏదో కళాకేంద్రం పంపిందట. రోడ్డు వెడల్పు చేస్తారనీ, ఇళ్ళు కొన్ని పోతాయనీ అప్పటికే గుసగుసలు ఉన్నాయి.

"మీ సందు పటాన్ని మీ పాతబట్టలతోనే కుడదాం. ఇంటికొక ముక్క. దాని చుట్టూ కూర్చుని ఆఫీసర్లతో మీరే మాట్లాడండి. ఇక్కడ ఇంతమంది ఉన్నారని వాళ్ళకి కనపడాలి కదా!" అంది ఆ పిల్ల, కళ్ళు చక్రాల్లా తిప్పుతూ.

"ఇన్నాళ్ళూ కనపడకుండా ఉండబట్టే బతికాం గదమ్మా," అన్నాడు ఎదురింటి తాళాల బాబాయి. "సూది కోసం సోదికెళ్తే పాత బాగోతాలన్నీ బయటపడ్డట్టు అవుతుందేమో!"

అందరూ నవ్వారు. పెద్దక్క కూడా నవ్వింది. సూది అనే మాటే ఆమెకి పట్టింది, మిగతాది గాలికి పోయింది.

ఆరు వారాలు కుట్టారు. చేతికొచ్చినట్టు కుట్టబోతే పెద్దక్క ఒప్పుకుందా? ఇంటింటికీ టేపు పట్టుకు తిరిగింది. రెండడుగులకి ఒక అంగుళం లెక్కన సుద్దముక్కతో గీసింది, ప్రతి గోడా నిలబెట్టింది. ఆఖరున తన ఇల్లు. దాని వెనక ముక్క కోసం అమ్మ కప్పుకున్న నీలం దుప్పటి కత్తిరిస్తుంటే చెల్లెలు చూసింది.

"నా గది కుట్టకే అక్కా."

"ఏం, నువ్వు మనిషివి కాదా?"

"మనిషినే. నా గదికే లెక్కాపత్రం లేదు."

"పటంలో పెట్టకపోతే వంటగది వెనక ఖాళీ అని రాసుకుంటారు. ఖాళీ అనుకుంటే కొట్టేస్తారు. నాకు తెలీదూ?"

"నీకు గుడ్డ తెలుసు. ఆఫీసర్లు తెలీదు."

"నోర్మూసుకుని దారం ఎక్కించు. నా కళ్ళు కనపడ్డంలేదు."

చెల్లెలు దారం ఎక్కించి ఇచ్చింది. పెద్దక్క నీలం ముక్క అంచు మడిచి కుట్టింది. దానికీ వంటగది ముక్కకీ మధ్య ఎర్రదారంతో కిటికీ వేసింది, రెండు గుడ్డల్నీ కలిపి పట్టుకునేటట్టు.

మాటామంతీ రోజున కుళాయి దగ్గర బల్లలు కలిపి పటం పరిచారు. ముగ్గురు ఆఫీసర్లు వచ్చారు. ఎంత మర్యాద! కూర్చోమన్న చోటే కూర్చున్నారు, చెప్పిందల్లా విన్నారు. జనం మురికికాలవ గురించి చెప్పారు, చీకటి మెట్ల గురించి చెప్పారు. ఇన్నేళ్ళకి తమ మాట వినే మనిషి దొరికాడని కొందరు చెప్పిందే మళ్ళీ చెప్పారు. కళ్ళజోడు ఆఫీసరు పటం మీద వేలు పెట్టి, "అబ్బ, ఏం పనితనమమ్మా! ఈ నీలంది ఎవరిది? ముద్దుగా ఉంది," అన్నాడు.

"మా చెల్లెలిదండీ. ఏడేళ్ళ కిందట మేమిద్దరమే కట్టాం," అంది పెద్దక్క, ముఖమంతా వెలుగై.

తాళాల బాబాయికి దగ్గు తెర వచ్చింది. చెల్లెలు చేతిలో గ్లాసు వైపు చూస్తూ ఉండిపోయింది. పెద్దక్క ఇంకా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు ముఖం మీదే చల్లారిపోవడానికి కాసేపు పట్టింది.

నెలకి కాగితం వచ్చింది. అనుమతి లేని గది, పొడవు తొమ్మిదడుగులు, వెడల్పు ఆరడుగుల మూడంగుళాలు, కట్టి ఏడేళ్ళు. టేపు పట్టుకుని ఎవరూ రాలేదే! కొలత ఎవరిదో పెద్దక్కకి వేరే చెప్పాలా? ఆ మూడంగుళాలు ఆమెవే. ఇంకొకరైతే ఆరడుగులని వదిలేసేవారు.

బాబాయి కార్యాలయం చుట్టూ తిరిగాడు. బొమ్మల పిల్ల ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. "మీరే చెప్పారు కదా" అన్నారు అక్కడ, అంతే మర్యాదగా. గది కూలడానికి ఒక పూట కూడా పట్టలేదు. చెల్లెలు ఆసుపత్రి వెనక పనివాళ్ళ గదుల్లో మంచం దొరికితే వెళ్ళిపోయింది. రెండు బస్సులు మారాలి. వెళ్ళేటప్పుడు అక్కని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

బొమ్మల పిల్ల ఏడుస్తూ వచ్చింది. "ఇలా అవుతుందని అనుకోలేదు పెద్దక్కా."

"నువ్వు అనుకోలేదు, నేనూ అనుకోలేదు. అనుకున్నది అదొక్కతే. దాని మాట వినలేదు." మిషను మీద చెయ్యి ఆపి అడిగింది. "నాకు ఆ నీలం ముక్క కావాలి."

పటం అప్పటికి కళాకేంద్రం గోడకెక్కింది. పక్కన వివరాల కాగితం, పైన దీపం. దాన్ని ముట్టుకోకూడదు. అయినా బొమ్మల పిల్ల ఏమనుకుందో, మధ్యాహ్నం హాలు తుడిచే వేళకి పెద్దక్కని తీసుకెళ్ళి, గుడ్డ తనే రెండు చేతులతో బిగించి పట్టుకుంది. ఆమె చిన్న బ్లేడుతో కుట్లు విప్పింది. మూడు వైపులా సులువుగానే వచ్చింది. నాలుగో వైపు ఎర్ర కిటికీ రాలేదు. రెండు గుడ్డల్నీ పట్టుకున్న కుట్టు అది, కోసెయ్యాల్సి వచ్చింది. ముక్క తీశాక కింద గుడ్డ మీద సూది రంధ్రాలు మిగిలాయి, గది నాలుగు గోడలూ గీసినట్టు.

"ఆవిరి పెడితే పోతాయా?" అంది ఆ పిల్ల.

"కొత్తగుడ్డైతే పోతాయి."

పెద్దక్క రెండు బస్సులు మారి చెల్లెలి దగ్గరికి వెళ్ళింది. ఎనిమిది మంచాల గది. చెల్లెలు దుప్పటి ముక్క అందుకుని వేలితో అంచు తడిమింది.

"కిటికీ ఏదే?"

"రాలేదు. తెగింది."

చెల్లెలు ముక్కని నాలుగు మడతలు పెట్టి తలగడ కింద దాచింది. పక్క మంచం ఆమె నిద్రలో మూలిగింది. చాలాసేపు ఇద్దరూ మంచం అంచున కూర్చున్నారు, బస్సులో పక్కపక్కన కూర్చున్న పరాయివాళ్ళలా.

"ఆఖరి బస్సు ఆరింటికి," అంది చెల్లెలు. "మళ్ళీ దొరకదు. వెళ్ళు."

పెద్దక్క లేచింది. మళ్ళీ ఎప్పుడు రమ్మంటావని అడుగుదామనుకున్న మాట గుమ్మం దాకా నోట్లోనే పెట్టుకుని, అడక్కుండానే మెట్లు దిగింది.