శుక్రవారం అడగకూడని పటం

కర్నూలు రాజధాని అయ్యాక మా పాత మిద్దెకు కూడా గిరాకీ వచ్చింది. మద్రాసు నుంచి వచ్చిన ఆఫీసరు ఒకాయన పైగదులు అద్దెకు తీసుకున్నాడు. ఆయన బండిలోంచి మంచాలకన్నా ముందు బొమ్మలు దిగాయి. వాటిలో ఎండలో నిలబడ్డ గేదె బొమ్మ ఒకటి నాకు చూపించి, దీన్ని గీసినవాడి పేరు పెద్దగా ఎవరికీ తెలియదనీ, అయినా మద్రాసులో జత ఎద్దుల ధర పలికిందనీ చెప్పాడు.

ఆ పూట నాకు పని మీద మనసు నిలవలేదు. పేరు తెలియకపోవడమే గొప్పయితే, మా ఈరప్ప మామను మించినవాడు ఎవడుంటాడు?

ఈరప్ప నాకు మేనమామ. ఎమ్మిగనూరు పక్కన పల్లె. పెళ్లయిన కాడినుంచీ దేవుళ్ల పటాలు చేత్తో గీసి జాతరల్లో అమ్ముకునేవాడు. రంగురంగుల అచ్చు పటాలు చవగ్గా వచ్చిపడ్డాక ఆయన పటాల మొహం చూసేవాళ్లు లేకపోయారు. మా అత్త గిడ్డమ్మకయితే ఆ పని మొదటినుంచీ గిట్టదు. మామ కుంచె పట్టుకుంటే ఆ దిక్కే చూసేది కాదు. చూస్తే ఒళ్లు మండుతుందట.

ఇప్పుడు మామకే విసుగు పుట్టింది. మిగిలిన పటాలు, రంగుల గిన్నెలు అన్నీ పటాలు కట్టే అంగడివాడికి ఇచ్చేసి, శెనక్కాయల మిల్లులో కాపలాకు చేరతానని కబురు చేశాడు. అంగడివాడికి కావలసింది అద్దాలూ చట్రాలే. బొమ్మలు తీసి పొయ్యిలో పెట్టుకున్నా వాడిని అడిగేవాడు లేడు. నేను ఊరుకుంటానా? పటాలన్నీ మూటకట్టుకుని వెంటనే కర్నూలుకు రమ్మని మామకు తిరుగు కబురు పంపాను.

ఆఫీసరు గారు పెద్దమనిషి. వినాయకుడినీ, ఆంజనేయుడినీ వెలుతురుకు తిప్పి తిప్పి చూశాడు. నవ్వలేదు. పేరు లేని బొమ్మకు వెల కట్టడం కష్టమనీ, దాన్ని కావాలనుకునేవాళ్లు ఎందరున్నారో అదే దాని వెల అనీ నెమ్మదిగా చెప్పి, ఇవి ఎవరైనా అడుగుతున్నారా అని మామను అడిగాడు.

"ఎవురూ అడగరు సార్," అన్నాడు మామ.

ఇంతకన్నా మంచివి ఉన్నాయా అంటే, లక్ష్మి పటాలు బాగా కుదిరేవనీ, ఒక్కటీ మిగలకుండా అమ్ముడుపోయాయనీ, తమ పల్లె పక్క ఊర్లో కొన్ని ఇళ్లలో ఉండవచ్చనీ చెప్పాడు మామ. వాటిలో ఒకటి చూస్తే గానీ ఏమీ అనలేనన్నాడు ఆఫీసరు.

బస్సు ఎక్కించబోతే మామ మూటను ఒళ్లో పెట్టుకుని నా మొహం చూడకుండా అన్నాడు. "పోనీలేమ్మా క్రిష్ణవేణీ. అడిగేవాళ్లు లేని పని ఎన్నాళ్లు చేసేది. సోమవారం మిల్లుకు పోతాండా."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది. నేనూ అదే బస్సెక్కాను.

మర్నాడు పొద్దున్నే పక్క ఊరికి బయలుదేరితే అత్త కూడా వెంటబడింది. మొగుడి పటాల మీద ప్రేమతో కాదు. బేరం నాకు చేతకాదనీ, అడిగినంతా పోసి వస్తాననీ ఆవిడ భయం. ఆ ఊరివాళ్లకు మామ జాతరలో తెలిసినవాడే గానీ, అత్తను ఎవరూ ఎరగరు.

మామ చెప్పిన గుర్తుల ప్రకారం మొదట కంబన్న ఇంటికి పోయాం. చల్లటి మజ్జిగ ఇచ్చాడు. లక్ష్మి పటం అమ్ముతారా అని అడిగేసరికి చెంబు వెనక్కి లాక్కున్నంత పని చేశాడు. ఆ తర్వాతి ఇంట్లో రామేశ్వరమ్మ మా మాట పూర్తిగా వినకుండానే దేవుడి గది తలుపు దగ్గరికి వేసింది. నేను ధర పెంచాను. ఆమె మొహం ఇంకా ముడుచుకుంది.

వీధిలోకి వచ్చాక గుర్తొచ్చింది, ఆ రోజు శుక్రవారమని. గడపలకు పసుపు ఇంకా తడి ఆరలేదు. అలాంటి పూట ఇంట్లో లక్ష్మిని బయటికి పంపమని దుడ్లు చూపించిన నన్ను కొట్టకుండా వదిలారు, అదే వాళ్ల మంచితనం. తలకాయ ఉండాదా లేదా అని అత్త నన్ను వీధి పొడుగునా తిట్టింది.

చివరిగా మద్దమ్మ ఇల్లు. ఈసారి తెలివిగా, ఆదివారం వస్తే ఇస్తారా అని అడిగాను.

"ఏ వారమొచ్చినా ఇయ్యనమ్మా," అంది మద్దమ్మ. ఆమెకు కోపం లేదు. మమ్మల్ని లోపలికి పిలిచి పటం చూపించింది. కొడుకు ఆదోని నుంచి జరీ మెరుపుల అచ్చు పటం తెస్తే కొన్నాళ్లు పెట్టి చూసిందట. "ఆయమ్మ ఎవురో రాణి మాదిరి ఉండాది. కష్టం చెప్పుకోబుద్ది కాదు. ఈయమ్మయితే ఇంటి పనంతా చేసుకోనొచ్చి ఇప్పుడే కూసున్నట్ల ఉంటాది. అందుకే మళ్లా ఈమెనే పెట్టుకుంటి."

అలా చెబుతూ చెబుతూ మద్దమ్మ ఆగిపోయింది. పటం వైపు చూసింది. మా అత్త వైపు చూసింది. మళ్లీ పటం చూసింది. అప్పుడు నేనూ చూశాను. కాస్త ఎడమకు వాలిన ముక్కు. కనుబొమ మధ్యలో, చిన్నప్పుడు రోకలి తగిలి తెగిన గీత. ఏదో అనబోయి ఆపుకున్నట్లున్న మూతి. చేతిలో తామరపువ్వులు తీసి చీపురు పెడితే అచ్చం మా గిడ్డమ్మత్తే.

మద్దమ్మ గబగబా పీట వేసి అత్తను కూర్చోబెట్టింది. కాళ్లకు పసుపు రాసి, నొసట కుంకుమ పెట్టి, బియ్యం, టెంకాయ, రవికెగుడ్డతో ఒడి నింపింది. తర్వాత ఆ పగుళ్ల పాదాలకు దండం పెట్టుకుంది. చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి వాకిలి నిండా నిలబడ్డారు. కంబన్న పెండ్లాం అయితే మజ్జిగ చెంబు మళ్లీ తెచ్చింది. పుట్టి బుద్ధెరిగాక అత్త నోట మాట రాకపోవడం నేను చూడటం అదే మొదలు.

దారి పొడుగునా ఆవిడ ఒళ్లో ఉన్న టెంకాయను పసిబిడ్డను పట్టుకున్నట్లు పట్టుకుంది.

ఇంటి దగ్గర మామ రంగుల గిన్నెలు కడిగి సంచిలో సర్దుతున్నాడు. తల ఎత్తకుండానే, ఎంతకు ఇస్తామన్నారని అడిగాడు.

"ఎంతిచ్చినా ఇయ్యరంట," అంది అత్త.

మామ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. "ఒకరు గూడానా?"

"ఒకరు గూడా." మద్దమ్మ దండం పెట్టిన సంగతి నేను మామకు చెబుతుండగానే అత్త అక్కడినుంచి కదిలింది. ఆవిడ లోపలికి పోయి మొహం కడుక్కుని, మద్దమ్మ పెట్టిన కుంకుమ చెరిగిందని మళ్లీ పెట్టుకుని, వెలుతురు పడే చోట గోడకు ఆనుకుని కూర్చుంది. సంచిలోంచి గిన్నెలు ఒక్కొక్కటే తీసి మామ ముందు పెట్టింది.

"ఇన్నేండ్లు దొంగచూపులు చూసి గీసింది చాలు. ఇట్ల నా దిక్కు చూసి గీయి. కర్నూలు ఆఫీసరు చూడాలంట. ముక్కు మాత్రం నిటారుగా పెట్టు."

మామ కళ్లు పైగుడ్డతో తుడుచుకుని, కుంచె అందుకుని, చాలాసేపు ఆవిడనే చూశాడు.

"ముక్కు మారిస్తే," అన్నాడు, "పక్క ఊర్లో ఎవురూ దండం పెట్టరే."