తిట్టని రోజు

వెనక చక్రం బెండు తీస్తూ మేస్త్రి మూడోసారి పళ్ళు నూరాడు. చక్రం మీద కాదు, దాని సొంతదారు మీద. ఎవడో బ్యాంకు గుమాస్తా. సన్న టైర్లలో గాలి చూసుకోకుండా నెల రోజులు తొక్కి, కనబడిన ప్రతి ఫుట్‌పాతూ ఎక్కించి దించి, రిమ్మును పాములా వంకర్లు తిప్పి తెచ్చి, "ఊరికే కొట్టుకుంటోందండీ, ఏమైందో ఏమో" అని అమాయకంగా మొహం పెట్టాడు. మామూలు రోజైతే "చక్రానికేం కాలేదు, అయిందల్లా నీ బుర్రకి" అనేవాడు. ఈ రోజు "సాయంత్రం రండి" అన్నాడు, అంతే. గుమాస్తా బిత్తరపోయి, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి చూసి మరీ వెళ్ళాడు.

ఆ సైకిల్ షాపులో మేస్త్రి ఇరవై తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాడు. పొట్టి మనిషి. కుడి భుజం ఎడమదాని కంటే రెండు వేళ్ళు కిందకి జారి ఉంటుంది. వేళ్ళ సందుల్లో గ్రీజు ఏ సబ్బుకీ లొంగకుండా నల్లటి గీతలై మిగిలిపోయింది. ఎడమ బొటనవేలికి గోరు లేదు, ఎప్పుడో చైను తినేసింది. నవ్వగా చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఎదురుగా ఉన్నప్పుడు మేస్త్రి అనీ, గుమ్మం దాటాక ముళ్ళకంప అనీ అంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అననీ, ఒళ్ళు దగ్గర పెట్టుకుని వస్తారు అనుకునేవాడు.

సైకిల్ కొనడానికి ఎవరొచ్చినా ఆయన చేసే మొదటి పని ఒకటే. చెప్పులు విప్పించి, గోడకి ఆనించి నిలబెట్టి, లావుపాటి పాత టెలిఫోన్ డైరెక్టరీ చేతికిచ్చి, రెండు కాళ్ళ మధ్యా పైకంటా నొక్కి పట్టుకోమనేవాడు. దాని పై అంచు తగిలిన చోట గోడ మీద పెన్సిల్‌తో ఒక గీత. నేల నుంచి ఆ గీత దాకా ఎంతుందో, దాన్ని బట్టే ఆ మనిషికి పట్టే ఫ్రేము. అక్కడి నుంచి తిట్లు మొదలు. "ఇంత వంగే హ్యాండిల్ మీకెందుకండీ? మీ పొట్టా మీ మోకాళ్ళూ పోట్లాడుకుంటాయి." "రంగు చూసి ఎంచుకోడానికి ఇదేమన్నా కర్టెన్ గుడ్డా?" "పిల్లాడు పెరుగుతాడని పెద్దది కొంటారా? మరి బూట్లు కూడా మీ సైజువే తొడగండి." కొందరు కొనేవాళ్ళు, కొందరు మొహం మాడ్చుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

షాపు పెట్టిన పెద్దాయన ఉన్నన్నాళ్ళూ ఇదంతా చెల్లింది. "నువ్వు తిట్టు, నేను బతిమాలుకుంటాను" అనేవాడాయన. ఆయన పోయి రెండేళ్ళయింది. కౌంటరులో ఇప్పుడు ఆయన అల్లుడు కూర్చుంటున్నాడు. అంతకుముందు సోఫాలు అమ్మేవాడు. సోఫాకి పొడుగూ పొట్టీ తేడా ఏముంది? ఎవడు కూర్చున్నా కూర్చున్నట్టే. ఆ బుద్ధితోనే బొమ్మ చూసి ఒక నీలం రోడ్ బైకు తెప్పించాడు. ఆరడుగుల పైన ఉన్నవాళ్ళకి చేసిన ఫ్రేము అది. అంత ఎత్తు మనుషులు ఆ చుట్టుపక్కల ఎంతమందున్నారో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పద్నాలుగు నెలలుగా అది కొక్కేనికి వేలాడుతోంది. నలుగురు అడిగారు. నలుగురినీ మేస్త్రి తిట్టి పంపేశాడు.

నాలుగోవాడు వెళ్ళింది నిన్ననే. అల్లుడు ఒంటికాలి మీద లేచాడు. "కందకి లేని దురద కత్తిపీటకెందుకయ్యా? కొనేవాడు కొంటానంటుంటే మధ్యలో నీ నస ఏంటి? రేపు రోడ్ బైకు అడిగిన మొదటి మనిషికి అది అమ్ముడుపోవాలి. నువ్వు నోరు తెరిచి చెడగొట్టావో, ఎల్లుండి నుంచి రానక్కర్లేదు."

ఈ మాట రాత్రి భార్యకి చెప్పకుండా ఉండాల్సింది. పొద్దున్నే టిఫిన్ డబ్బా చేతికిస్తూ ఆవిడ మొదలుపెట్టింది. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. మీ నోటి మూలంగా మనకి చుట్టాలు లేరు, ఇరుగూ పొరుగూ లేరు. యాభై ఏడేళ్ళ మనిషిని కొత్తగా ఎవరు పెట్టుకుంటారు? ఈ ఒక్కరోజు ఆ నోరు కట్టేసుకోండి. మీకు దణ్ణం పెడతాను."

ఆవిడ మాటలో అబద్ధం లేదు. కూతురి పెళ్ళిలో వియ్యంకుడి కాళ్ళ వైపు చూసి, "బూట్లు ఒక సైజు చిన్నవి కొన్నారు, సాయంత్రానికి కుంటుతారు" అన్నాడీయన, నలుగురిలో. సాయంత్రానికి ఆయన కుంటనే కుంటాడు. అప్పట్నుంచి ఈ గడప తొక్కలేదు. కూతురు కూడా ఏడాదికోసారి వచ్చి, బ్యాగు సర్దుకునేటప్పుడే నవ్వుతుంది. అందుకని మేస్త్రి భార్యకి మాటిచ్చాడు. ఇచ్చాక డబ్బా సైకిల్‌కి తగిలించుకుని, దారిలో కనబడిన వంకర చక్రాలన్నిటి మీంచీ చూపు తిప్పుకుంటూ వచ్చాడు.

పదకొండింటికి ఆ మొదటి మనిషి వచ్చింది.

ముప్పై ఐదేళ్ళ లోపు ఆడమనిషి. ఆసుపత్రి గుర్తింపు కార్డు మెడలోనే ఉంది. రక్తపరీక్షల ల్యాబులో రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, కళ్ళ కింద నల్లగా ఉంది. వస్తూనే కయ్యానికి వచ్చినట్టు మాట్లాడింది.

"నాకు రోడ్ బైకు కావాలి. ఇంటి నుంచి ఆసుపత్రికి తొమ్మిది కిలోమీటర్లు. దారిలో ఐదు సిగ్నళ్ళు, ఒక ఫ్లైఓవరు. ఆదివారాలు మా గ్రూపుతో యాభై, అరవై తొక్కుతాను. ఆడవాళ్ళ సైకిళ్ళంటూ ముందు బుట్ట ఉన్నవి చూపించొద్దు. మీ ఆయన రాలేదా అని అడగొద్దు. ఇప్పటికి మూడు షాపుల్లో అడిగారు."

"అయ్యో, మేమెందుకు అడుగుతాం మేడమ్!" అల్లుడు కౌంటరు దాటి బయటికి వచ్చాడు. "మీలాంటివాళ్ళ కోసమే ఒకటి దాచి ఉంచాను. మేస్త్రీ, ఆ నీలంది దించు."

మేస్త్రి దించాడు. ఆవిడ గుమ్మంలో అడుగు పెట్టినప్పుడే కొలత ఆయన కంటికి తెలిసిపోయింది. పొట్టి కాళ్ళు, పొట్టి చేతులు. దానికీ ఈవిడకీ నాలుగు సైజుల తేడా. చెయ్యి అలవాటుగా డైరెక్టరీ ఉన్న అర వైపు వెళ్ళింది. అల్లుడు దగ్గాడు. మేస్త్రి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నీలం రంగు చూడగానే ఆవిడ మొహంలో చిరాకు కాస్త తగ్గింది. మేస్త్రి సీటు పూర్తిగా కిందకి దించి, ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య బిగించి, సైకిల్‌ని కదలకుండా పట్టుకున్నాడు. ఆవిడ ఎక్కింది. నేల మీద ఆనడానికి ఒక కాలి బొటనవేలు మాత్రం అందింది. హ్యాండిల్ అందుకోవడానికి ముందుకి సాగితే మోచేతులు కర్రల్లా బిగుసుకున్నాయి.

"హ్యాండిల్ కొంచెం దూరంగా ఉందే."

"రేసు సైకిలంటే అంతే మేడమ్" అన్నాడు అల్లుడు. "రెండు రోజుల్లో అలవాటైపోతుంది. దానికి తోడు మీకు మంచి తగ్గింపు కూడా ఇస్తున్నాను."

ఆవిడ అల్లుడి వైపు తిరగలేదు. మేస్త్రి మొహంలోకే చూస్తోంది.

"మీరేమంటారు?"

వారం తిరక్కుండా ఈవిడ మెడ పట్టేస్తుంది. అరచేతులు మొద్దుబారతాయి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కాలు అందక ఏదో ఒకరోజు పక్కకి పడుతుంది. పడేది ఫుట్‌పాతు వైపో, బస్సు వైపో ఎవరు చెప్పగలరు? ఇవన్నీ మేస్త్రి నాలుక చివరి దాకా వచ్చి నిలబడ్డాయి. మాటలు రానివ్వకుండా ఆయన పానా తీసుకుని, బిగించాల్సిన అవసరం లేని ఒక నట్టు బిగించడం మొదలుపెట్టాడు. ఆవిడ ఇంకా చూస్తూనే ఉంది. మామూలుగా జనం చూసే దానికంటే ఎక్కువసేపే చూసింది. ఎందుకలా చూస్తోందో ఆయనకి అర్థం కాలేదు. నట్టు మాత్రం ఇక తిరగనంది.

"సరే" అంది ఆవిడ, సైకిల్ దిగి. "ఇది తీసుకుంటాను."

కౌంటరు దగ్గర అల్లుడు కార్డు మెషీన్ ముందుకి జరిపాడు. మేస్త్రి వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు కూడా, చూశావా ఎంత తేలికో అన్నట్టు. మేస్త్రికి ఆ కనుబొమలు రెండూ పానాతో పట్టి తిప్పాలనిపించింది.

"ఎవరు చెప్పారు మేడమ్ మా షాపు గురించి?"

"మీ షాపు గురించి ఎవరూ మంచి చెప్పలేదు" అంది ఆవిడ, కార్డు కోసం బ్యాగు వెతుకుతూ. "షాపులవాళ్ళందరూ అబద్ధాల పుట్టలని మా గ్రూపులో అందరూ మొత్తుకునేదే. కానీ ఇక్కడొక మేస్త్రి ఉన్నాడట. నోరు మహా పాడు నోరట. మా గ్రూపు పెద్దాయన్ని ఆరేళ్ళ క్రితం ఇదే షాపులో అందరి ముందూ గాడిద అన్నాడట. ఆయనే చెప్పాడు నాకు. 'ఏది నచ్చితే అది ఎక్కి కూర్చో, ఆ ముళ్ళకంప తిడితే దిగిపో. తిట్టకపోతే కళ్ళు మూసుకుని కొనుక్కో' అని. అందుకే బస్సులు మారి ఇంత దూరం వచ్చాను."

అల్లుడు పకపకా నవ్వాడు. "చూశారా మరి! ఇవాళ మా మేస్త్రి కిక్కురుమనలేదు!"

మేస్త్రికి చెవుల్లోకి రక్తం తన్నుకొచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ళూ జనం తన నోటికి భయపడి ఒళ్ళు దగ్గర పెట్టుకుంటున్నారనే అనుకున్నాడు. పోయి చాటున తిట్టుకుంటున్నారనుకున్నాడు. గాడిద అనిపించుకున్నవాడు ఆ మాటని దాచుకుని, ఊరి అవతల ఉన్నవాళ్ళకి చెప్పి పంపుతున్నాడని ఒక్కరంటే ఒక్కరు తనతో అనలేదే! ఆ ఒక్క నమ్మకాన్ని ఈ పూట, సోఫాలు అమ్ముకున్నవాడి కోసం, నట్టు బిగిస్తూ అమ్మేశాడు. సిగ్గుతో ఒళ్ళంతా మండింది. భార్య మొహం గుర్తొచ్చింది. ఆవిడ పెట్టిన దణ్ణం గుర్తొచ్చింది. ఆవిడ చేతులు మరీ బక్కచిక్కాయి. దేవుడా అనుకున్నాడు.

"ఆ కార్డు లోపల పెట్టుకోండమ్మా."

ఆవిడ తల తిప్పింది.

"అది మీ సైకిల్ కాదు. మీకే కాదు, మీ ఇంటా వంటా ఎవరికీ కాదు. తాటిచెట్టంత మనిషికి చేసింది. బొటనవేలి మీద నిలబడి సిగ్నల్లో ఆగుతారా? కళ్ళు లేవా? రక్తం చూసి జబ్బు చెప్పే ఉద్యోగం చేస్తూ, చెయ్యి హ్యాండిల్‌కి అందడం లేదని తెలీదూ?"

"మేస్త్రీ!" అల్లుడు అరిచాడు.

ఆవిడ మొహం ఎర్రబడింది. "మరి ఇంతసేపూ బెల్లం కొట్టిన రాయిలా ఉన్నారేం? నేను అడిగానా లేదా?"

"అడిగారు."

"అడిగితే నట్టు తిప్పుతారా? నేను నిజంగా కొనేసి, దాని మీద నుంచి పడి ఉంటే?"

"ఉద్యోగం పోతుందని ఊరుకున్నాను" అన్నాడు మేస్త్రి. "తప్పు నాది. రండి, గోడకి నిలబడండి. చెప్పులు విప్పండి."

ఆవిడ తిట్టుకుంటూనే విప్పింది. డైరెక్టరీ తీసుకుని, తనే పట్టుకుని నిలబడింది. గోడ మీద పెన్సిల్ గీత పడింది. మేస్త్రి టేపు పట్టి, చేతి పొడుగు కూడా కొలిచి, అట్టపెట్టె మూత ఒకటి చించి దాని మీద మూడు అంకెలు వేశాడు.

"ఎదురు షాపుకి వెళ్ళండి. వాడి గుమ్మంలో ఆకుపచ్చది ఒకటి వేలాడుతోంది, సరిగ్గా ఇదే కొలత. గేర్లు కూడా ఫ్లైఓవరుకి పనికొస్తాయి. ఇది చూపించి, సీటు ఎత్తు ఇంతే పెట్టమనండి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకోకండి."

"అతను మీకేమవుతాడు?"

"ఏమీ కాడు. ఆరేళ్ళు పని నేర్పితే, ఎదురుగానే షాపు పెట్టుకున్నాడు. వాడితో మాట్లాడి పదకొండేళ్ళయింది. వెధవే. కానీ చెయ్యి మంచిది."

ఆవిడ అట్టముక్క లాక్కున్నంత పని చేసి తీసుకుంది. థాంక్స్ చెప్పలేదు. గుమ్మం దగ్గర ఆగి, "మా పెద్దాయనకి చెప్తాను, మీరు ఊరుకున్నా సరే నమ్మకూడదని" అంది. రోడ్డు దాటి, ఎదురు షాపు మెట్లెక్కింది. ఆ మాట మేస్త్రికి సూటిగా తగలాల్సిన చోటే తగిలింది.

అల్లుడు కౌంటరు మీద చెయ్యి కొట్టి చాలా అన్నాడు. ఉప్పు తిన్న విశ్వాసం లేదన్నాడు, వీధిలో అడుక్కుంటావన్నాడు, చచ్చిన మావగారిని కూడా నాలుగు తిట్టాడు. గుమాస్తా చక్రం ఇంకా స్టాండు మీదే ఉంది. మేస్త్రి దాని దగ్గరికి వెళ్ళి, మిగిలిన నాలుగు పుల్లలూ బిగించి, తిప్పి, ఒక కన్ను మూసుకుని చూశాడు. బాగుంది. సైకిల్‌కి ఎక్కించి, రెండు టైర్లలోనూ గాలి కొట్టి గోడకి ఆనించాడు. పానాలు సైజుల వారీగా గోడకి తగిలించాడు. పంపు కింద సబ్బుతో చేతులు కడుక్కున్నాడు, ఎప్పటిలాగే నల్లటి గీతలు పోలేదు. ఇంటికి ఈ కబురు ఎలా చెప్పాలో ఆయనకి తెలియదు. ఉన్నదున్నట్టు చెప్పడం తప్ప ఆయనకి ఇంకో రకం రాదు.

"ఎక్కడికి?" అన్నాడు అల్లుడు.

"రేపటి దాకా ఎందుకు, ఇవాళే" అన్నాడు మేస్త్రి. డబ్బా తగిలించుకుని సైకిలెక్కాడు. మధ్యాహ్నపు ఎండలో, బస్సుల పక్కనుంచి, తల వంచుకుని తొక్కుకుంటూ మలుపు తిరిగాడు.

సాయంత్రం గుమాస్తా వచ్చి, చక్రం తిప్పి చూసుకుని, లోపలికి తొంగి చూశాడు. "మేస్త్రి లేడా?" అన్నాడు. "మానేశాడు" అన్నాడు అల్లుడు, ఫోనులోంచి తల ఎత్తకుండా. గుమాస్తా డబ్బులిచ్చి, సైకిల్ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఊడ్చే మనిషి వచ్చి పని బల్ల కింద చీపురు పెడితే ఏదో అడ్డం తగిలింది. వంగి చూసింది. షాపులో ఉన్నంతసేపూ మేస్త్రి వేసుకునే రబ్బరు చెప్పులు, గ్రీజుతో నల్లబడి, పక్కపక్కనే, స్టాండు వైపు తిరిగి ఉన్నాయి. ఎడమది ఇంకా కొంత కాలం వస్తుంది, కుడిది మాత్రం మడమ దగ్గర కాగితమంత పల్చగా అరిగి, చిల్లుపడి, కింద సిమెంటు కనిపిస్తోంది.