రోజుకు రెండు బకెట్లు

అరబ్బు దేశంలో, జాబ్రియా పేటలోని ఆ విల్లా యజమాని చలిదేశంలో చదువుకుని వచ్చినవాడు. అక్కడి ఇళ్లలో చూసినట్టే కింద చిన్న గదిలో బాయిలర్, ప్రతి గదిలో గోడవారగా ఇనుప రేడియేటర్లు పెట్టించుకున్నాడు. బాయిలర్‌లో పుట్టిన ఆవిరి గదులను వెచ్చబరిచి, చల్లారి నీళ్లయి, నేల కింద వేసిన ఇంకో పైపులో వెనక్కి వస్తుంది. ఆ నీళ్లే మళ్లీ మళ్లీ తిరగాలి. వారానికి చెంబెడు తగ్గితే ఎక్కువ. అలాంటిది 1983 జనవరిలో రోజుకు రెండు బకెట్లు మాయమవుతున్నాయి.

రాయచోటి నుంచి వచ్చిన మెకానిక్ ఖాసిం వలి ఆ పొద్దున వెళ్లేసరికి, పనిమనిషి జైతున్‌బీ పెరట్లో చన్నీళ్లతో దుప్పట్లు ఉతుకుతోంది. ఆమెదీ రాయచోటి పక్కే. ఇంటి యజమానురాలిని అక్కడి పనివాళ్లు మామా అంటారు. ఆమె వేళ్లు పగిలి నెత్తురోడుతున్నాయి.

"వేణ్ణీళ్లు లేవా అక్కా?"

"మామా నా కుళాయి పిడి ఊడదీసి పెట్టుకునింది. బాయిలర్ నీళ్లు నేనే తోడుకుంటాండానంట. మీ ఇంజనీరే చెప్పినాడు. ఇట్లే జరిగితే ఊరికి పంపిస్తాదంట."

ఖాసిం వలికి ఒళ్లు మండిపోయింది. బాయిలర్ నీళ్లు తుప్పు కంపు కొడతాయి, గుడ్డ ముంచితే ఎర్రబారుతుంది. రెండేళ్ల కింద ఈ పైపులన్నీ దగ్గరుండి వేయించిన ఇంజనీరు నాగభూషణానికి ఆ సంగతి తెలియదా?

పళ్లు కొరుక్కుంటూ పనిలోకి దిగాడు. రేడియేటర్ల మూతల దగ్గర ఆవిరి చప్పుడు లేదు. సేఫ్టీ వాల్వు కింద తడి లేదు. పొగగొట్టంలోంచి తెల్లటి ఆవిరి రావడం లేదు. బాయిలర్ ఆర్పి, చల్లారనిచ్చి, నీటిమట్టం చూపే గాజు గొట్టం మీద సుద్దతో గీత గీశాడు. గంటలో నీళ్లు నాలుగు వేళ్లు దిగాయి. మళ్లీ గీత దాకా నింపి, ఈసారి నీళ్లు వెనక్కి వచ్చే పైపు వాల్వు కట్టేశాడు. గంట గడిచినా గీత దగ్గరే నిలిచాయి. అంటే బాయిలర్ బాగానే ఉంది. నీళ్లు పోతున్నది నేల కింది పైపులోంచి.

మధ్యాహ్నం వచ్చిన నాగభూషణం అంతా విని గొంతు తగ్గించాడు. "పాలరాయి పగలగొడితే తప్పు మన మీదకొస్తుందయ్యా. చలి మార్చి దాకానే కదా, నీళ్లు నింపుతూ పో."

"ఆయమ్మను పంపించేస్తారంట సార్."

"ఇంకొకావిడ వస్తుందిలే."

ఖాసిం వలి నేరుగా పెరట్లోకి వెళ్లాడు.

"అక్కా, దినామ్మూ వట్టికాళ్లతో నేల తుడుస్తావు గదా. యాడన్నా వెచ్చగా తగుల్తాదా?"

"మెట్ల కింద. నెలనాళ్లుగా చెప్తానే ఉండా. వినేదెవరు?"

సుత్తి, ఉలి తీసుకుని మెట్ల కింద కూర్చున్నాడు. నాగభూషణం చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు. మూడో దెబ్బకు రాయి పగిలింది. చప్పుడుకు మామా పరుగెత్తుకొచ్చింది. కింద ఇసుక బురదగా ఉంది, ఇంకా వెచ్చగానే ఉంది. చుట్టూ ఏ పూతా లేకుండా ఉప్పు ఇసుకలో పడేసిన పైపు తుప్పు తినేసి, బొటనవేలు పట్టేంత చిల్లు పడింది.

"చూడు మామా," అన్నాడు వచ్చీరాని అరబ్బీలో. "నీళ్లు తాగింది ఇది. ఈమె కాదు. ఈ పైపు వేయించింది ఆయన."

మామా చిల్లు వైపు చూసింది, ఇంజనీరు వైపు చూసింది. చివరికి జైతున్‌బీతో బురద తుడవమంది. జైతున్‌బీ కదల్లేదు.

"నా కుళాయి పిడి," అని చెయ్యి చాపింది.

మామా లోపలికెళ్లి పిడి తెచ్చి మెట్టు మీద పెట్టింది. తప్పయిందని మాత్రం అనలేదు. నెలరోజులు దొంగ అనడానికి నోరొచ్చిన మనిషికి ఆ ఒక్క మాటకు నోరు రాలేదని ఖాసిం వలి ఉడికిపోయాడు.

వారంలో కొత్త పైపు గోడ మీదుగా వేశారు. గాజు గొట్టంలో నీళ్లు నిలిచాయి. ఏప్రిల్‌లో పని ఒప్పందం గడువు తీరగానే, మామా ఎంత ఉండమన్నా వినకుండా జైతున్‌బీ ఊరికి వెళ్లిపోయింది. నాగభూషణం ఖాసిం వలిని విల్లాల పని నుంచి తప్పించి, దూరంగా చమురు బావులున్న అహ్మదికి పంపించాడు. వేసవిలో అక్కడికి వచ్చినప్పుడు, "కోపం తగ్గిందా?" అని నవ్వుతూ అడిగాడు.

"లేదు సార్," అని ఖాసిం వలి పనిలోకి తిరిగాడు.